గోపాలపట్నం నుంచి రుషికొండకు రోజూ స్కూటర్ మీద: ముందు దారి చూసుకోండి, తరవాత బండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీరు 25 ఏళ్ల అమ్మాయి. ఇల్లు విశాఖపట్నంలోని గోపాలపట్నంలో, అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు. కొత్త ఉద్యోగం రుషికొండ ఐటీ కొండ మీద. ఒకవైపు 18 కిలోమీటర్లు. మీ ఎత్తు అయిదడుగులు. ఇంట్లో నాన్నగారిది పన్నెండేళ్ల నాటి 110 సీసీ స్కూటర్ ఉంది. దానితోనే సరిపెట్టుకోవాలా, కొత్తది కొనాలా, కొంటే 110 సీసీనా 125 సీసీనా, పెట్రోలుదా బ్యాటరీదా, ఏడాదికి ఎంతవుతుంది అని అడిగారు. రోజూ లారీల మధ్య అంత దూరం వెళ్ళడానికి అమ్మగారు ఒప్పుకోవడం లేదని కూడా రాశారు.

సూటిగా చెబుతాను. వెళ్ళవచ్చు. కొత్తది 125 సీసీ పెట్రోలు స్కూటర్ తీసుకోండి. ముందు చక్రం 12 అంగుళాలది, ముందు బ్రేకు డిస్కుది ఉండాలి. నాన్నగారి బండిని గోపాలపట్నం చుట్టుపక్కల పనులకు ఉంచండి. మీ అపార్ట్‌మెంట్ కింద మీ సొంత మీటరుకు కలిపిన ప్లగ్గు పెట్టుకోనిస్తే మాత్రం బ్యాటరీ బండి గురించి ఆలోచించండి. అయితే ఏ బండి అన్నదాని కంటే ఏ దారిన, ఏ వేళకు వెళ్తారన్నదే మీ విషయంలో పెద్ద ప్రశ్న. అందుకే దారితో మొదలుపెడతాను.

అక్కయ్యపాలెంలో 21 ఏళ్లుగా స్కూటర్లు బాగుచేసే షాపు నడుపుతున్నాను. ఇల్లు మధురవాడలో. అంటే మీరు వెళ్ళబోయే దారిలో సగం నేను రోజూ ఎదురు దిశలో వస్తున్నాను. ఎండాడ ఎత్తు ఎక్కని రోజు నాకు లేదు. నా దగ్గరికి వచ్చే కుర్రవాళ్ళంతా "ఏ బండి కొనమంటారు?" అని అడుగుతారు. నేను "ఏ దారిన వెళ్తావు?" అని అడుగుతాను. ఎంవీపీ కాలనీ నుంచి సిరిపురం వెళ్ళేవారికి ఏ స్కూటరైనా సరిపోతుంది. మీది అలాంటి ప్రయాణం కాదు.

మీకు రెండు దారులున్నాయి. ఒకటి ఎన్‌ఏడీ కూడలి మీదుగా జాతీయ రహదారి: కంచరపాలెం, తాటిచెట్లపాలెం, అక్కయ్యపాలెం, గురుద్వారా, మద్దిలపాలెం, ఇసుకతోట, వెంకోజీపాలెం, హనుమంతవాక. రెండోది సింహాచలం మీదుగా: గోపాలపట్నం, సింహాచలం, అడవివరం, ముడసర్లోవ, ఆరిలోవ, మళ్ళీ హనుమంతవాకే. అక్కడి నుంచి రెండు దారులూ ఒకటై జంతు ప్రదర్శనశాల పక్కగా ఎత్తెక్కి ఎండాడ చేరతాయి. అక్కడ కుడివైపు తిరిగితే రుషికొండ.

ఫోనులో మ్యాపు చూస్తే రెండింటికీ పెద్ద తేడా కనిపించదు. స్కూటర్ మీద కూర్చున్నవారికి మాత్రం అవి రెండు వేర్వేరు ఊళ్ళు. జాతీయ రహదారి మీద గాజువాక వైపు నుంచి వచ్చే లారీలు, ట్రెయిలర్లు, కంపెనీల బస్సులు, ఆటోలు, అన్నీ ఒకే చోట కలుస్తాయి. అడవివరం దారిలో భారీ వాహనాలు చాలా తక్కువ. కొండ పక్కన, జలాశయం పక్కన పోతుంది. ఉదయం చల్లగా ఉంటుంది. కానీ రాత్రి ఎనిమిది దాటాక ముడసర్లోవ దగ్గర మనుషుల అలికిడి తగ్గిపోతుంది. రోడ్డు మీద పశువులు పడుకుంటాయి, కుక్కలు వెంటపడతాయి. అక్కడ పంక్చర్ అయితే సాయం దొరకడం కష్టం.

కాబట్టి నా సలహా: ఉదయం అడవివరం దారిన వెళ్ళండి. సాయంత్రం వెలుతురుండగా బయలుదేరితే అదే దారిన రండి. చీకటి పడితే జాతీయ రహదారి మీదే రండి. రహదారి మీద లారీలున్నాయి నిజమే, కానీ దీపాలున్నాయి, పెట్రోలు బంకులున్నాయి, మనుషులున్నారు. ఉదయం ఎనిమిది లోపు హనుమంతవాక దాటగలిగితే మీ ప్రయాణం సగం తేలికవుతుంది. ఎనిమిదిన్నర తరవాత ఆ కూడలిలో స్కూలు బస్సులు, ఆసుపత్రులకు వచ్చే వాహనాలు కలిసి ఒక్కో సిగ్నల్‌కు రెండు మూడు సార్లు ఆగాల్సి వస్తుంది. మీ ఆఫీసులో వేళలు మార్చుకునే వీలుంటే మొదటి వారంలోనే అడగండి.

ఒక్క రోజు మాత్రం ఈ రెండు దారులూ పనికిరావు. ఆషాఢ పౌర్ణమికి ముందురోజు మొదలయ్యే సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. అది కొండ కింది తొలిపావంచా (మొదటి మెట్టు) నుంచి అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక మీదుగా తిరిగి వెంకోజీపాలెం, ఇసుకతోట, కంచరపాలెం, ఎన్‌ఏడీ, గోపాలపట్నం వస్తుంది. మీరు వెళ్ళే దారీ, వచ్చే దారీ రెండూ స్వామివారి దారే. ఆ రోజు సెలవు పెట్టండి, లేదా ఇంటి నుంచే పని చేయండి.

ఇక లారీల సంగతి. అమ్మగారి భయం అర్థం లేనిది కాదు, కాబట్టి దాన్ని కొట్టిపారేయకండి. కానీ ప్రమాదం ఎక్కడుందో సరిగా తెలిస్తే భయం జాగ్రత్తగా మారుతుంది. నా షాపుకు వచ్చిన దెబ్బతిన్న బండ్లలో ఎక్కువ భాగం వేగంగా వెళ్ళి గుద్దుకున్నవి కావు. నెమ్మదిగా పోతున్న లారీకి ఎడమపక్క ఉన్న సందులోకి దూరినవి. లారీ డ్రైవరుకు ఎడమవైపు, తన తలుపు కింద, ముందు చక్రం పక్కన ఏముందో కనిపించదు. లారీ ఎడమకు తిరిగేటప్పుడు వెనుక చక్రాలు ముందు చక్రాల కంటే లోపలికి కోసుకుంటూ వస్తాయి. ఆ సందులో మీరుంటే తప్పుకోవడానికి చోటుండదు. లారీకీ పేవ్‌మెంటుకీ మధ్య ఎంత ఖాళీ కనిపించినా, ఎప్పుడూ అందులోకి వెళ్ళకండి. ఆలస్యమైతే అవనివ్వండి. వెనుక ఆగినప్పుడు కూడా లారీ అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనిపించేంత దూరంలో ఆగండి. అతని ముఖం మీకు కనిపించకపోతే అతనికి మీరూ కనిపించరు.

ఎన్‌ఏడీ పైవంతెన మీద ఇంకో ఇబ్బంది ఉంది. ఏ వంపు ఎటు దిగుతుందో కొత్తవారికి చివరి క్షణం దాకా తెలియదు. తప్పు వంపు ఎక్కానని మధ్యలో ఆగిపోయే స్కూటర్లను నేను ఎన్నోసార్లు చూశాను. ఎక్కితే ఎక్కారు, చివరిదాకా వెళ్ళి తిరిగి రండి. వంతెన మీద ఆగకండి.

ఇప్పుడు బండి. నాన్నగారి స్కూటర్ బాగా నడుస్తోందని రాశారు. నడుస్తుంది, అవి గట్టి బండ్లు. కానీ ఆ కాలపు 110 సీసీ బండ్లలో చాలావాటికి రెండు చక్రాలూ 10 అంగుళాలవే. రెండు బ్రేకులూ డ్రమ్మువే. ముందు సస్పెన్షన్ పాత పద్ధతిది. చిన్న చక్రం గుంతలోకి ఎక్కువగా దిగబడుతుంది, పెద్ద చక్రం అదే గుంత మీదుగా దాటేస్తుంది. వీధిలో ఈ తేడా నడుముకు తెలుస్తుంది. రహదారి మీద 55 వేగంలో హ్యాండిల్‌కు తెలుస్తుంది. హోండా యాక్టివా కూడా 12 అంగుళాల ముందు చక్రం, టెలిస్కోపిక్ ఫోర్కులు (గొట్టంలో గొట్టం జారే ముందు సస్పెన్షన్) 2020 నాటి 6జీ మోడల్‌తోనే 110 సీసీలోకి తెచ్చింది. పైగా 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ వరకు ఉన్న కొత్త బండ్లన్నిటికీ జంట బ్రేకు తప్పనిసరి అయింది. ఎడమ లివరు నొక్కితే వెనుక బ్రేకుతో పాటు ముందుదీ కొంత పడుతుంది. కంగారులో చాలామంది ఎడమ చెయ్యే నొక్కుతారు. జంట బ్రేకు లేని పాత బండిలో అలా చేస్తే వెనుక చక్రం బిగుసుకుని జారవచ్చు. నాన్నగారి బండికి అది లేకపోతే, మీ ప్రయాణానికి వద్దనడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు.

110, 125 మధ్య తేడా గురించి అంతా గరిష్ఠ వేగం, మైలేజీ మాట్లాడతారు. ఆ రెండింటిలో మీకు కనిపించే తేడా కొంచెమే. అసలు తేడా లాగే బలంలో ఉంది. 110 సీసీ బండ్లు సుమారు 9 న్యూటన్ మీటర్లు లాగితే, 125 సీసీవి 10 లేదా కాస్త పైన లాగుతాయి. అంకెల్లో చిన్నదే. కానీ హనుమంతవాక నుంచి ఎండాడ ఎత్తులో, వెనుక మీ స్నేహితురాలు కూర్చుని, పక్కనుంచి బస్సు వస్తున్నప్పుడు ఆ కొంచెమే మీకు కావాలి. సుజుకి యాక్సెస్, టీవీఎస్ జూపిటర్ 125, యాక్టివా 125 మూడూ మంచి బండ్లే. మూడింటినీ నేను విప్పి బిగించాను. వాటిలో మీకు ఏది సరిపోతుందో మీ కాళ్ళు చెబుతాయి.

షోరూముకు వెళ్ళేటప్పుడు ఆఫీసుకు వేసుకునే చెప్పులే వేసుకుని వెళ్ళండి. సీటు మీద కూర్చుని రెండు పాదాల ముందుభాగం పూర్తిగా ఆనుతోందో లేదో చూడండి. కేవలం బొటనవేళ్ళు ఆనితే ఆ బండి వద్దు. సీటు ఎత్తు అంకె ఒక్కటే చూస్తే మోసపోతారు, ఎందుకంటే సీటు వెడల్పుగా ఉంటే తొడలు పక్కకు పోయి కాళ్ళు అందవు. తరవాత ఇంజిన్ ఆపి, బండిని వెనక్కి నెట్టి చూడండి. 105 నుంచి 110 కిలోల బండి అది. రుషికొండ మీద మీ ఆఫీసు పార్కింగ్ ఏటవాలుగా ఉంటే రోజూ చేయాల్సిన పని అదే. సెంటర్ స్టాండ్ కూడా అక్కడే వేసి చూడండి. బలంతో ఎత్తకూడదు. కుడి పాదంతో స్టాండ్ కాలును నేలకు ఆనించి, శరీరం బరువంతా దాని మీద మోపితే బండి దానంతటదే లేస్తుంది. అమ్మాయిలకు ఈ కిటుకు ఎవరూ చెప్పరు. ఏళ్ల తరబడి పక్క స్టాండ్ మీదే పెట్టి, గాలికి పడిపోయిన బండ్లను నా దగ్గరికి తెస్తారు.

ఎత్తుల సంగతి ఇంకాస్త చెప్పాలి. వైజాగ్‌లో స్కూటర్ పాడయ్యేది అక్కడే. ఈ బండ్లలో మనం మార్చే గేర్లు ఉండవు. ఇంజిన్ వైపు ఒక కప్పీ, వెనుక చక్రం వైపు ఒక కప్పీ, మధ్యలో పళ్ళున్న రబ్బరు బెల్టు. ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ ముందు కప్పీలోని రోలర్లు బయటికి జరిగి బెల్టును అంచుకు నెడతాయి. వెనుక కప్పీ అందుకు తగ్గట్టు తెరుచుకుంటుంది. వెనుక కప్పీ పక్కనే గంట ఆకారంలో ఒక డబ్బా, అందులో క్లచ్ షూలు. ఇంజిన్ వేగం అందుకోగానే అవి విచ్చుకుని గంట లోపలి గోడను పట్టుకుంటాయి, అప్పుడు చక్రం తిరుగుతుంది.

ఎత్తు మీద సిగ్నల్ పడితే చాలామంది బ్రేకు వదిలేసి, బండి వెనక్కి జారకుండా కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి నిలబెడతారు. అప్పుడు క్లచ్ షూలు సగం పట్టీ సగం పట్టకా గంట గోడ మీద రాసుకుంటూనే ఉంటాయి. ఆ వేడికి గంట నీలంగా మారిపోతుంది. కొన్నాళ్లకు బండి కదిలేటప్పుడు వణుకు మొదలవుతుంది. ఎత్తు మీద ఆగితే బ్రేకు పట్టుకుని నిలబడండి. యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేయండి. దిగేటప్పుడు ఇంకో జాగ్రత్త. ఇంజిన్ ఆపి దిగకండి. రెండు బ్రేకులూ కలిపి, పట్టి వదులుతూ దిగండి. కైలాసగిరి వంటి పెద్ద దిగువలో ఒకే బ్రేకును గట్టిగా పట్టి కిందిదాకా వస్తే డ్రమ్ము వేడెక్కి, లివరు నొక్కినా పట్టు దొరకదు.

ఆ బెల్టు గురించి ఒక సంఘటన. నాలుగేళ్ల కిందట ఒక నర్సు రాత్రి డ్యూటీ ముగించుకుని వస్తుండగా ఎండాడ ఎత్తు మధ్యలో బండి ఆగిపోయింది. ఇంజిన్ మోగుతోంది, చక్రం తిరగడం లేదు. నాకు ఫోను చేస్తే వెళ్ళాను. తెరిచి చూస్తే బెల్టు తెగి పీలికలైంది. బండి 31 వేల కిలోమీటర్లు తిరిగింది, బెల్టు ఒక్కసారీ మార్చలేదు. ఆమె తప్పేమీ లేదు. క్రమం తప్పకుండా సర్వీసింగ్ చేయిస్తూనే ఉంది. చేసేవారు ఆయిల్ మార్చి, కడిగి ఇచ్చేశారే గాని ఆ మూత విప్పి చూడలేదు. ఇంజిన్ ఆయిల్ మార్చారా అని అందరూ అడుగుతారు, బెల్టు చూశారా అని ఎవరూ అడగరు. మీరు ఏడాదికి 12 వేల కిలోమీటర్లు తిరుగుతారు. అంటే రెండేళ్లకే మీ బెల్టు మార్చే వేళ వస్తుంది, మామూలుగా 20 నుంచి 24 వేల మధ్య. మీ బండి పుస్తకంలో ఎంత రాసి ఉందో చూసి, ఆ అంకెను డిక్కీ లోపల స్టిక్కరు మీద రాసి పెట్టుకోండి. బండి కదిలేటప్పుడు కుదుపు, ఎడమవైపు నుంచి గరగర, ముందు వచ్చిన వేగం ఇప్పుడు రాకపోవడం, ఈ మూడిట్లో ఏది కనిపించినా కిలోమీటర్ల కోసం ఎదురుచూడకండి.

ఇంజిన్ ఆయిల్ కూడా చెప్పేస్తాను. ఈ చిన్న ఇంజిన్లలో పట్టేది ముప్పావు లీటరుకు అటూ ఇటూ, అంతే. అంత తక్కువ ఆయిల్ కాబట్టి తొందరగా పాడవుతుంది. మీ రాకపోకలకు మూడు నెలలకోసారి మార్పించండి.

టైరులో గాలి వారానికోసారి. చాలా బండ్లకు ముందు 22 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత), వెనుక 29, ఇద్దరు ఎక్కితే వెనుక 36 దగ్గర ఉంటుంది. మీ బండికి అతికించిన స్టిక్కరు మీది అంకెలే ప్రమాణం. బంకులో కుర్రవాడు అడగకుండానే రెండింటికీ 35 కొట్టేస్తాడు. ముందు టైరులో అంత గాలి ఉంటే తడి రోడ్డు మీద పట్టు పోతుంది. మీరే దగ్గర నిలబడి చెప్పండి.

మన ఊళ్ళో ఇంకో శత్రువు ఉంది, ఉప్పుగాలి. రుషికొండ మీద బండి రోజుకు తొమ్మిది గంటలు సముద్రానికి ఎదురుగా నిలబడుతుంది. లోపలి ఊళ్ళలో ఎనిమిదేళ్లు ఉండే సైలెన్సర్ ఇక్కడ నాలుగేళ్లకే వంపు దగ్గర తుప్పు పట్టి చిల్లిపడటం నేను చూస్తుంటాను. తరవాత సెంటర్ స్టాండ్ కీలు, చక్రం రిమ్ము, మడ్‌గార్డు కింద బోల్టులు. ఖర్చు లేని మందు ఒకటే: వారానికి ఒకసారి మంచినీళ్ళతో బండి అడుగుభాగం కడగడం. పైన మెరిసే రంగును కాదు, కింద కనిపించని ఇనుమును కడగాలి. కడిగాక ఒక రౌండు తిరిగి వస్తే బ్రేకులు ఆరతాయి. సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడు స్టాండ్ కీళ్ళకు గ్రీజు, బ్యాటరీ కొనలకు వాజిలిన్ పెట్టమని చెప్పండి. రాత్రంతా నిలిచిన బండి డిస్కు మీద ఉదయం సన్నటి తుప్పు పొర కనిపిస్తే కంగారుపడకండి. నాలుగుసార్లు బ్రేకు వేస్తే పోతుంది. ఆఫీసులో భవనానికి కొండవైపు నీడలో చోటు దొరికితే పది నిమిషాలు ముందు వెళ్ళైనా అక్కడే పెట్టండి.

వానల సంగతి మీకు తెలియనిది కాదు. అక్టోబరు, నవంబరు మన తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నా షాపు ముందు చెట్టు పడి మూడు బండ్లు నలిగిపోయాయి. ఆ నెలంతా నీళ్ళలో మునిగినవీ, కొమ్మల కింద పడినవీ వరసగా వచ్చాయి. సమగ్ర బీమా ఉన్నవారికి డబ్బు వచ్చింది. థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉన్నవారు ఖర్చంతా చేతి నుంచి పెట్టుకున్నారు, ఎందుకంటే ఆ బీమా మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికే. కొత్త బండి కొన్నప్పుడు అయిదేళ్ల థర్డ్ పార్టీ ఎలాగూ ఇస్తారు. దాన్ని చూసి "అయిదేళ్లూ బీమా ఉంది" అనుకోకండి. సొంత నష్టానికి బీమా ఏటా విడిగా కట్టాలి. మీరు కట్టండి.

నీళ్ళు నిలిచిన చోట బండి ఆగిపోతే అక్కడే మళ్ళీ స్టార్ట్ చేయకండి. నెట్టుకుంటూ పొడి చోటికి తీసుకెళ్ళండి. గాలి ఫిల్టరులోంచి నీళ్ళు ఇంజిన్‌లోకి వెళ్తే వేలల్లో ఖర్చు. బెల్టు పెట్టెలోకి నీళ్ళు వెళ్తే బెల్టు జారి బండి కదలదు, అది ఆరితే సర్దుకుంటుంది. అసలు గట్టి వాన ఉన్న రోజున బస్సెక్కండి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి ప్రయాణం ఉచితం. స్కూటర్ ఉంది కదా అని ప్రతి రోజూ దాని మీదే వెళ్ళి తీరాలని లేదు. నేను కూడా తుపాను హెచ్చరిక ఉన్న రోజున బండి తీయను.

ఖర్చు లెక్క అడిగారు. నెలకు ఆఫీసు తిరుగుడు, ఆదివారాలూ కలిపి వెయ్యి కిలోమీటర్లు వేసుకుందాం. ఎత్తులూ సిగ్నళ్ళూ ఉన్న దారిలో 125 సీసీ బండి లీటరుకు 45 ఇస్తుంది. ప్రకటనల్లో చూసిన అంకెను మరిచిపోండి. లీటరు 110 రూపాయలు అనుకుంటే పెట్రోలు నెలకు సుమారు 2,450, ఏడాదికి 29 వేల పైచిలుకు. సర్వీసింగులు నాలుగుకు అయిదారు వేలు, సొంత నష్టం బీమా, బ్రేకు షూలు, ఏడాదిన్నరకోసారి వెనుక టైరు, అన్నీ సర్ది చూస్తే మొత్తం 40 వేల దగ్గర పెట్టుకోండి. బండి ఖరీదు, వాయిదాలు ఇందులో లేవు. నెలకు మూడు వేల మూడు వందలు పక్కన పెట్టగలిగితే మీకు ఇబ్బంది ఉండదు.

బ్యాటరీ బండి అయితే ఇంధనం ఖర్చు చాలా పడిపోతుంది. రోజుకు 36 కిలోమీటర్లకు ఛార్జింగులో పోయేదంతా కలిపినా ఒకటిన్నర యూనిట్లు దాటదు. యూనిట్ పది రూపాయలు వేసుకున్నా 15 రూపాయలు. పెట్రోలుకు అదే దూరం 88 రూపాయలు. ఎత్తెక్కడంలో అవి పెట్రోలు బండి కంటే చురుకు, నాకు నచ్చుతాయి కూడా. మరి మీకు ఎందుకు వద్దన్నానంటే, మీది మూడో అంతస్తు. పై నుంచి వైరు కిందికి వేలాడదీసి ఛార్జింగ్ పెట్టేవారిని చూశాను, అది అగ్గితో ఆట. ముందు అసోసియేషన్ వారితో మాట్లాడి, మీ మీటరు నుంచి పార్కింగ్‌కు సరైన మందం వైరు, ఎర్తింగ్, విడి ఎంసీబీతో (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే స్విచ్చు) ప్లగ్గు వేయించుకోండి. అది కుదిరిన రోజున, ప్రకటనలో చెప్పిన దూరంలో మూడింట రెండు వంతులే నిజంగా వస్తుందని లెక్క వేసుకుని, మీ 36 కిలోమీటర్లకు రెట్టింపు దూరం వచ్చేది కొనండి. ఒక రాత్రి కరెంటు లేకపోయినా మర్నాడు ఆఫీసుకు వెళ్ళి రాగలగాలి.

హెల్మెట్ విషయంలో నేను బేరం ఒప్పుకోను. ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 అంకె ఉన్నది, ముఖమంతా కప్పేది కొనండి. తొడుక్కుని, పట్టీ బిగించి, వెనుక నుంచి ముందుకు తోసి చూడండి. ఊడివస్తే ఒక సైజు తక్కువది తీసుకోండి. వెనుక కూర్చున్నవారికీ చట్ట ప్రకారం తప్పనిసరి. లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు. కానీ జరిమానా కోసం పెట్టుకునే హెల్మెట్‌కు పట్టీ బిగించరు. పట్టీ బిగించని హెల్మెట్ దెబ్బ తగిలేలోపే ఎగిరిపోతుంది.

చున్నీ. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. చున్నీ కొస గాలికి వెనక్కి వెళ్ళి చక్రంలో చుట్టుకుంటే, మెడ చుట్టూ ఉన్న భాగం ఒక్క క్షణంలో బిగుసుకుంటుంది. అలా పడిపోయిన ఒకమ్మాయి బండి నా దగ్గరికి వచ్చింది. ఆ వస్త్రాన్ని చక్రంలోంచి కత్తిరించి తీసింది నేనే. అమ్మాయి బతికింది, కానీ ఆ రోజు నా చేతులు వణికాయి. చున్నీని మడిచి డిక్కీలో పెట్టండి, లేదా పైన జాకెట్ వేసుకుని జిప్పు పెట్టండి. వెనుక కూర్చునే స్నేహితురాలికి కూడా చెప్పండి, ఆమె చున్నీయే చక్రానికి ఇంకా దగ్గర.

కొనే ముందు ఒక పని చేయండి. వచ్చే ఆదివారం ఉదయం ఏడింటికి నాన్నగారిని వెనుక కూర్చోబెట్టుకుని, ఆయన బండి మీదే అడవివరం దారిన హనుమంతవాక దాకా వెళ్ళి, రహదారి మీదుగా తిరిగి రండి. ఎక్కడ గుంతలున్నాయో, ఎక్కడ మలుపు కనిపించదో ఆయన చెబుతారు. మరో రోజు ఆఫీసు వేళకు ఆటోలోనో బస్సులోనో అదే దారి చూడండి. వీలైతే అమ్మగారిని వెంట తీసుకెళ్ళండి. మీ లైసెన్సు గేర్లు లేని బండికి తీసుకున్నదైతే స్కూటర్‌కు చాలు. ఇంకా ఎల్ఎల్ఆరే (నేర్చుకునేవారి లైసెన్సు) ఉంటే ముప్పై రోజులు గడిచాక పరీక్షకు వెళ్ళి, పక్కా లైసెన్సు చేతికొచ్చాకే రహదారి ఎక్కండి.

కొత్త బండి వచ్చాక మొదటి వెయ్యి కిలోమీటర్లూ 50 దాటకుండా, ఒకే వేగంలో కాకుండా మార్చి మార్చి నడపండి. మొదటి సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడు ఎడమ బ్రేకు లివరులో ఆట (బ్రేకు పట్టేలోపు లివరు వదులుగా కదిలే దూరం) ఎంత ఉందో మీ ముందే చూపించమనండి. మామూలుగా ఒకటి నుంచి రెండు సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది, మీ బండి పుస్తకంలోని అంకే ప్రమాణం. మీ వేళ్ళు చిన్నవైతే పుస్తకం ఒప్పుకునే అతి తక్కువ ఆటకు బిగించమని అడగండి.